కంటికి కనబడని చిల్లి



మన సంఘములలో అనేక కుటుంబముల పిల్లలు ఈ రోజులలో అమెరికాలో చదువుకొంటున్నారు, ఉద్యోగములు చేస్తున్నారు. అక్కడ బస్సు దొరకని ఊళ్ళు ఎక్కువ గనుక, వెళ్ళిన కొద్ది నెలలకే చేతిలో ఉన్న డబ్బుతో ఒక పాత కారు కొనుక్కొంటారు. కొన్నాళ్ళకు ఇంటికి ఫోను వస్తుంది. "నాన్నా, కారు బాగానే నడుస్తోంది. కానీ ఎదురుగా ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం ఆరడం లేదు. పెట్రోలు ఆవిరి ఎక్కడో లీకవుతోందట. ఆ భాగం మార్చాలి, ఈ భాగం మార్చాలి అంటున్నారు." ఇక్కడ పొలము గట్టున నిలబడి ఫోను పట్టుకొన్న తండ్రికి ఏమి చెప్పాలో తోచదు. బండి నడుస్తున్నది, ఒక చుక్క పెట్రోలు కారడము లేదు, మరి లీకు ఎక్కడిది?

ఈ నెల మన పేజీలో ఈ సంగతినే తీసుకొన్నాము. ఇది అమెరికాలో ఉన్నవారికి మాత్రమే పనికివచ్చే మాట కాదు. మన ఊళ్ళలో కొత్తగా వచ్చిన మోటారు సైకిళ్ళకు కూడా ఆవిరిని పట్టే ఏర్పాటు ఉన్నది. రాత్రి బండిని ఇంటిలోపల పెట్టి, దాని ప్రక్కనే మంచము వేసుకొని పండుకొనే కుటుంబములు మనలో ఎన్నో ఉన్నవి.

ఆవిరిని ఎందుకు పట్టాలి?

కిరోసిను సీసా మూత తీసి పెడితే మరునాటికి పెద్దగా తగ్గదు. పెట్రోలు అట్లు కాదు. గడ్డకట్టే చలిలో సహితము అది ఆవిరి అవుతూనే ఉంటుంది. సున్నాకు 40 డిగ్రీలు క్రింద ఉన్న చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకొనేంత ఆవిరి దాని మీద ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువు. గనుక పైకి పోక నేలమీద ప్రాకుతుంది, గడపలు దాటుతుంది, ప్రక్క గదిలోని పొయ్యి వరకు పోతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు ఆవిరి కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకొంటుంది. పెట్రోలులో బెంజీను అనే పదార్థము ఉన్నది. దానిని చాలాకాలము పీల్చితే రక్త క్యాన్సరు రావచ్చునని వైద్యులు నిర్ధారించారు.

ఊరంతటికీ కలిగే నష్టము ఇంకొకటి ఉన్నది. 1943 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. యుద్ధకాలము గనుక, శత్రువులు విషవాయువు వదిలారని కూడా కొందరు భయపడ్డారు. ఆ తరువాత 1950 ప్రాంతములో కాలిఫోర్నియాలోని ఒక విద్యాసంస్థలో పని చేసే హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త దాని గుట్టు విప్పాడు. మండని పెట్రోలు ఆవిరి, ఇంజను పొగలోని నత్రజని వాయువులు ఎండలో కలిసి ఆ విషపు గాలిని తయారు చేస్తున్నవని చూపించాడు. అంటే కారు వెనుక గొట్టము నుండి వచ్చే పొగ ఒక్కటే దోషి కాదు. నిలిపి ఉంచిన కారు ట్యాంకు నుండి పోయే ఆవిరి కూడా దోషియే. అందుచేత కాలిఫోర్నియాలో 1970 నమూనా కార్లకు, మరుసటి యేడు అమెరికా అంతటా కొత్త కార్లకు ఆవిరిని పట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

బొగ్గు డబ్బా చేసే పని

ఈ ఏర్పాటు చాలా తేలికైనది. ట్యాంకులో పుట్టిన ఆవిరి ఒక గొట్టము ద్వారా ఒక డబ్బాలోనికి పోతుంది. దానిని క్యానిస్టరు అంటారు. అందులో ప్రత్యేకముగా తయారు చేసిన బొగ్గు గింజలు ఉంటాయి. ఇంటిలో నీళ్ళు శుభ్రపరచే ఫిల్టరులో ఉండే బొగ్గు జాతియే ఇది. కంటికి కనబడని రంధ్రములు దానినిండా ఉంటాయి. ఒక్క గ్రాము బొగ్గులోని రంధ్రముల గోడలన్నిటిని పరచగలిగితే సుమారు 1000 చదరపు మీటర్లు అవుతుంది. అంటే మన లెక్కలో 25 సెంట్ల నేల, తెలంగాణ లెక్కలో పది గుంటలు! అంత చోటు ఉన్నది గనుక ఆవిరి ఆ గోడలకు అంటుకొని నిలిచిపోతుంది.

ఇంజను నడిచి వేడెక్కిన తరువాత పర్జ్ వాల్వు అనే చిన్న తలుపు తెరుచుకొంటుంది. ఇంజను లోనికి పీల్చుకొనే గాలి ఆ డబ్బాలో దాగిన ఆవిరిని లాక్కొని పోయి మండిస్తుంది. డబ్బాకు రెండవ ప్రక్క వెంట్ వాల్వు అనే మరొక తలుపు ఉంటుంది. బయటి గాలి దాని ద్వారా లోనికి వస్తుంది. ఈ విధముగా రాత్రి దాచుకొన్నది పగలు ఖర్చవుతుంది. వృథాగా పోయే పెట్రోలు పనిలోనికి వస్తుంది.

ట్యాంకు, మూత, మూత దగ్గర నుండి ట్యాంకు వరకు పోయే గొట్టము, డబ్బా, రెండు వాల్వులు, వీటిని కలిపే ట్యూబులు. ఆవిరి ఏర్పాటు అంటే ముఖ్యముగా ఇవే. చిల్లి పడితే వీటిలోనే ఎక్కడో పడి ఉండాలి.

కంప్యూటరు ఎట్లు కనిపెడుతుంది?

సైకిలు ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళలో ముంచి చిల్లి వెదకడము మనకందరికి తెలుసు. 1996 నమూనా నుండి అమెరికాలో అమ్మిన కార్లన్నిటిలో కంప్యూటరు తనను తాను పరీక్షించుకొనే పద్ధతి ఉన్నది. ఆవిరి దారిని అది ఇంచుమించు సైకిలు ట్యూబు లాగే పరీక్షిస్తుంది. వెంట్ వాల్వు మూసి, ఇంజను పీల్పుతో లోపల కొంచెము ఖాళీ కల్పించి, తలుపులన్నీ మూసి చూస్తుంది. ఆ పీల్పు నిలబడితే చిల్లి లేదు, త్వరగా తగ్గిపోతే ఉన్నది.

కొన్ని కార్లు ఈ పరీక్షను బండి ఆపిన తరువాత చేస్తాయి. వేడి అన్నము టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, చల్లారిన తరువాత మూత ఒక పట్టాన రాదు. లోపల గాలి కుదించుకొని మూతను లోనికి లాగుతుంది. అదే విధముగా వేడెక్కిన ట్యాంకు చల్లారినప్పుడు లోపల పీల్పు పుట్టాలి. పుట్టకపోతే ఎక్కడో గాలి దూరుతున్నదని అర్థము.

ఈ పరీక్ష ఎంత సూక్ష్మమైనదో చూడండి. ఒక మిల్లీమీటరు చిల్లి ఉంటే పి 0442 అనే కోడు, అర మిల్లీమీటరు చిల్లి ఉంటే పి 0456 అనే కోడు నమోదవుతుంది. అర మిల్లీమీటరు అంటే మామూలు కుట్టుసూది మందము కంటె తక్కువ. పెద్ద లీకుకు పి 0455, మూత వదులుగా ఉన్నట్లు తోచితే కొన్ని కార్లలో పి 0457 వస్తాయి. అక్కడ విడిభాగముల దుకాణములు చాలా చోట్ల ఈ కోడును డబ్బు తీసుకొనకుండా చదివి చెబుతాయి.

ప్రియులారా, అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇక్కడ ఉన్నది. ఆ కోడు చిల్లి ఎంతదో చెబుతుంది గాని ఎక్కడున్నదో చెప్పదు. థర్మామీటరు జ్వరము 102 అని చూపుతుంది. అది మలేరియానో టైఫాయిడో థర్మామీటరుకు తెలియదు. కోడు చూడగానే వాల్వు మార్చి, దీపము ఆరకపోతే డబ్బా మార్చి, అప్పటికీ ఆరకపోతే ట్యాంకు వరకు వెళ్ళేవారు ఉన్నారు. ఇంటిలో వడ్డీకి తెచ్చి పంపిన డబ్బు ఈ విధముగా పోతుంది, చిల్లి మాత్రము చిల్లిగానే ఉంటుంది. మొదట వెదకాలి, తరువాతనే మార్చాలి.

వెదకవలసిన వరుస

మొదట మూత. దానిని తీసి లోపలి రబ్బరు వాషరును వెలుతురులో చూడాలి. పగిలినా, చదునుగా అణగిపోయినా, మట్టి పట్టినా గాలి దూరుతుంది. మూత కూర్చునే అంచును గుడ్డతో తుడిచి, తుప్పు ఉన్నదేమో చూడాలి. మూతను టిక్కుమనే వరకు బిగించాలి. వాషరు పాడైతే ఆ కారుకు సరిపోయే అసలు మూతనే కొనాలి. అన్నిటికంటె తక్కువ ఖర్చుతో పోయే లోపము ఇదే గనుక ఇక్కడ నుండి మొదలుపెట్టడము జ్ఞానము.

మూత బిగించగానే దీపము ఆరదని గుర్తుంచుకోవాలి. కంప్యూటరు తన పరీక్షను మరల చేయాలి. సాధారణముగా మూడుసార్లు వరుసగా బాగున్నట్లు తేలితేనే దీపము ఆరుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా, దాదాపు ఖాళీగా ఉన్నా ఈ పరీక్ష జరగదు. 15 నుండి 85 శాతము మధ్యలో ఉంటే అనేక కార్లలో జరుగుతుంది. గనుక కొన్ని రోజులు, ఒక్కొక్కసారి రెండు మూడు వారములు ఓపిక పట్టాలి. ఆలోగా తొందరపడి కోడును చెరిపివేస్తే, లోపము ఎప్పుడు, ఏ పరిస్థితిలో వచ్చిందో తెలిపే వివరములు కూడా పోతాయి. అక్కడ అనేక రాష్ట్రములలో పొగ పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ దీపము వెలుగుతుంటే బండి తప్పుతుంది, రిజిస్ట్రేషను ఆగుతుంది. దీపము ఆర్పించి మోసగించుదామంటే, పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని ఆ కంప్యూటరే బయటపెడుతుంది.

రెండవది, పెట్రోలు పోయించుకొనేటప్పుడు కనబడే గురుతులు. పంపు గొట్టము మాటిమాటికి దానంతట అదే ఆగిపోతుంటే వెంట్ వాల్వు మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ఆవిరి దారిలో అడ్డు ఉండవచ్చు. పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను కష్టముగా స్టార్టు అవుతుంటే పర్జ్ వాల్వు తెరిచినది తెరిచినట్లే ఉండిపోయిందేమో చూడాలి. కరెంటు ఇవ్వని స్థితిలో పర్జ్ వాల్వు మూసి ఉండాలి. దానిని ఊడదీసి ఒక ప్రక్క నుండి గాలి పంపితే రెండవ ప్రక్కకు రాకూడదు. ఈ ఒక్క పరీక్షతో అనవసరమైన ఖర్చు ఎంతో తప్పుతుంది.

మూడవది కళ్ళతో చూడడము. ఇంజను చల్లారిన తరువాత, పగటి వెలుతురులో ట్యూబులన్నీ వంపుల దగ్గర, క్లిప్పుల దగ్గర పరీక్షించాలి. వేడికి రబ్బరు పెళుసై చీలుతుంది. ఎలుకలు కొరుకుతాయి. మంచు కురిసే ఊళ్ళలో రోడ్డుమీద ఉప్పు చల్లుతారు గనుక మూత నుండి ట్యాంకుకు పోయే ఇనుప గొట్టము తుప్పు పట్టి సన్నని చిల్లులు పడుతుంది.

చిన్న పురుగు కూడా ఈ ఏర్పాటును పాడు చేయగలదు. 2011లో అమెరికాలో మాజ్డా సంస్థ మాజ్డా 6 కార్లను 50 వేలకు పైగా వెనుకకు పిలిపించింది. పెట్రోలు వాసనకు ఆకర్షింపబడే ఒక జాతి సాలీడు, గాలి వచ్చే గొట్టములో గూడు అల్లుకొన్నది. గాలి దారి మూసుకుపోయి ట్యాంకు లోపల పీల్పు పెరిగితే ట్యాంకు పగిలే ప్రమాదము ఉన్నది. 2014లో అదే కారణముతో మరల 40 వేలకు పైగా కార్లను పిలిపించారు.

ఇంతవరకు చూచినా దొరకకపోతే నాలుగవది పొగ పరీక్ష. ఒక యంత్రము నూనెను వేడి చేసి తెల్లని పొగ పుట్టించి, ఆవిరి దారిలోనికి చాలా తక్కువ ఒత్తిడితో పంపుతుంది. చిల్లి ఉన్న చోట నుండి పొగ దారమువలె పైకి లేస్తుంది. మంచి వర్క్‌షాపు వారు గాలికి బదులు నైట్రోజను వాడతారు, అది మంటకు తోడ్పడదు. కారు టైరులో సుమారు 30 పౌండ్ల గాలి ఉంటుంది. ఇక్కడ ఒక పౌండు కూడా ఎక్కువే. టైరుకు గాలి కొట్టే కంప్రెసరును దీనికి తగిలిస్తే ఉన్న చిల్లి దొరకదు సరికదా, లేని చిల్లులు పడతాయి. భాగముల మీద డబ్బు పోయడము కంటె ఒక్కసారి ఈ పరీక్షకు డబ్బు ఇవ్వడము మేలని మా సలహా.

బాగుచేయడము

చీలిన ట్యూబుకు టేపు చుట్టడము, గమ్ము పూయడము పనికిరాదు. పెట్రోలు ఆవిరి మామూలు రబ్బరును మెత్తబరచి పాడు చేస్తుంది. నీళ్ళ పైపు, సైకిలు ట్యూబు ముక్క వేయకూడదు. పెట్రోలుకు తట్టుకొనే ట్యూబును అదే కొలతలో కొని, కొత్త క్లిప్పులతో బిగించాలి. వాల్వు దగ్గర వాషరు పాడైతే వాషరు మార్చాలి. బాగుచేసిన తరువాత మరల పొగ పెట్టి చూపించమని అడగాలి. ఒక చిల్లి దొరికితే రెండవది ఉండదని నమ్మకము లేదు.

ఇక మూడు పనులు ఎంతమాత్రము చేయకూడదు. మొదటిది, చీకటిలో అగ్గిపుల్ల గాని లైటరు గాని వెలిగించి ట్యాంకు దగ్గర వెదకడము. రెండవది, ట్యాంకుకు వెల్డింగు పెట్టించడము. "ఖాళీ ట్యాంకే కదా" అంటారు. నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదము, ఎందుకంటే దాని లోపలంతా గాలితో కలిసిన ఆవిరి ఉంటుంది. మూడవది, పెట్రోలు చుక్కలు కారుతున్నా, కారు లోపల ఘాటుగా వాసన వస్తున్నా నడపడము. అది మనము చెప్పుకొనే సన్నని ఆవిరి లీకు కాదు. బండి ఆపి, దిగి, మనుష్యులను దూరముగా ఉంచి, మెకానిక్కును పిలిపించాలి.

మన ఊళ్ళలో మనము

మన దేశములో 2017 ఏప్రిలు నుండి దేశమంతటా అమలైన భారత్ స్టేజ్ 4 నిబంధనలతో మోటారు సైకిళ్ళకు, స్కూటర్లకు కూడా ఆవిరి పరిమితి వచ్చింది. 2020 ఏప్రిలు నుండి స్టేజ్ 6 వచ్చింది. అందుచేత కొత్త పెట్రోలు బండ్లలో ఆ బొగ్గు డబ్బా ఉంటుంది. అయితే అమెరికా కార్లవలె అర మిల్లీమీటరు చిల్లిని వెదకి దీపము వెలిగించే ఏర్పాటు మన బండ్లలో చాలావాటికి లేదు. ఇక్కడ మన ముక్కు, మన కన్ను ఆ పని చేయాలి.

"ఈ డబ్బా ఎందుకు, మైలేజి తింటుంది" అని కొందరు రోడ్డు ప్రక్క మెకానిక్కులు దానిని ఊడదీసి ట్యూబులకు బిరడాలు కొడతారు. డబ్బా మైలేజి తినదు, పోయే పెట్రోలునే ఇంజనుకు తిరిగి ఇస్తుంది. గాలి వచ్చే దారి మూసివేస్తే ట్యాంకు నుండి పెట్రోలు సరిగా దిగక బండి దారిలో ఆగిపోతుంది. పాత బండ్లలో డబ్బా లేదు, వాటికి ట్యాంకు మూతలోనే సన్నని గాలి రంధ్రము ఉంటుంది. వాన నీళ్ళు పోకుండా మూత క్రింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించేవారు ఆ రంధ్రమును మూస్తున్నారు.

పెట్రోలు బంకులో గొట్టము మొదటిసారి టక్కున ఆగగానే చాలు అనండి. "మూత దాకా పోయి బాబూ" అని బండి ఊపి ఊపి పోయించుకొంటే, ఆవిరి కోసము పెట్టిన డబ్బాలోనికి పెట్రోలే దిగుతుంది. బొగ్గు తడిసిపోయి ఆవిరిని పట్టలేదు, గింజలు పొడిపొడియై వాల్వులకు అడ్డుపడతాయి. అమెరికాలో ఉన్న పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి.

పాత బండిని పడకగదిలో, పొయ్యి ఉన్న గదిలో పెట్టవద్దు. వేరే చోటు లేకపోతే ప్రార్థన దీపమును, దోమల చుట్టను, వంట పొయ్యిని ఆ గదికి దూరముగా ఉంచండి. ఆవిరి నేలమీద ప్రాకుతుంది గనుక క్రింద చాప మీద పండుకొనే పిల్లలే దానిని ముందు పీల్చుతారు. సీసాలో పెట్రోలు తెచ్చి మంచము క్రింద దాచే అలవాటు ఉన్న ఇళ్ళలో ఈ రోజే దానిని మానండి.

ఈ రాత్రి బండిని లోపల పెట్టిన తరువాత తలుపులు మూసి ఒక పావుగంట ఆగి, గదిలోనికి వెళ్ళి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చిన యెడల స్విచ్చి వేయకుండా, దీపము ముట్టించకుండా తలుపులు, కిటికీలు తెరిచి, బండిని బయటికి నెట్టి, తెల్లవారిన తరువాత మూత వాషరు నుండి వరుసగా వెదకండి.